పార్కుల్లోని మరుగుదొడ్లు, తాగునీటి కుళాయిలు: మేమే తనిఖీ చేయాలంటే ఏమేం చూడాలి? (విజయనగరం)

అయ్యకోనేరు గట్టు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. విజయనగరంలో తెల్లవారుజామున నడకకు వెళ్లే మేము కొందరం కలిసి పట్టణంలోని పార్కులు ఒక్కొక్కటిగా తిరిగి, వాటిలోని మరుగుదొడ్లూ తాగునీటి కుళాయిలూ వాడుకకు వీలుగా ఉన్నాయో లేవో చూసి, ఆ వివరాలను నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వాలని అనుకుంటున్నాము. మాలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు ఎక్కువ. ఇద్దరు గృహిణులు, ఒక డిగ్రీ విద్యార్థి కూడా కలిశారు. చక్కెర వ్యాధి ఉన్నవారు, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారు నడకకు రావాలా వద్దా అన్నది పార్కులో తెరిచి ఉన్న మరుగుదొడ్డి ఉందా లేదా అన్నదానిపైనే ఆధారపడుతుంది కనుక, మాకు ఇది కాలక్షేపపు పని కాదు. ఎండలు ముదిరితే ఊరంతా చలివేంద్రాలు వెలుస్తాయి, పత్రికల్లో ఫొటోలూ వస్తాయి; ఏడాది పొడవునా నీళ్లివ్వవలసిన పార్కు కుళాయి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

మా సందేహాలు ఇవి. తనిఖీలో ఏమేం చూడాలి, ఏ వేళలో చూడాలి? దీనికి ముందుగా ఎవరి అనుమతి అయినా తీసుకోవాలా? మాలో ఒకరు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను అంచనా వేసే పరికరం) కొన్నారు. ఒక పార్కు కుళాయి దగ్గర అది 380 చూపింది, మరో పార్కులో 900 చూపింది. మొదటిది తాగవచ్చనీ రెండోది తాగకూడదనీ రాసేయవచ్చా? చివరిగా, మేమిచ్చే కాగితం అధికారుల బల్లమీద అలాగే ఉండిపోకుండా ఎలా రాయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పాత శానిటరీ ఇన్‌స్పెక్టరు

మాస్టారూ, ఉత్తరాంధ్ర పురపాలక సంఘాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మరుగుదొడ్డిని తనిఖీ చేయడమంటే ముందుగా నీటిని తనిఖీ చేయడమే. తాళం వేసి ఉన్న మరుగుదొడ్డి దగ్గర నిలబడి కారణం అడిగితే మనిషి లేడనో, జనం పాడుచేస్తున్నారనో చెబుతారు. మరికాస్త అడిగితే మోటారు కాలిపోయిన సంగతో, పైట్యాంకుకు నీరు ఎక్కని సంగతో, ఎక్కిన నీరు గంటలోనే అయిపోయే సంగతో బయటపడుతుంది. నీరు లేకుండా తెరిచి ఉంచితే ఒక్క పూటలోనే అది ఎవరూ అడుగుపెట్టలేని స్థితికి వస్తుంది, ఆ తిట్లన్నీ కాపలామనిషి తినాలి. అందుకని అతడు తాళం వేసి పెట్టుకుంటాడు. కాబట్టి మీ పట్టికలో మొదటి గడి శుభ్రతకు కాకుండా నీటికి కేటాయించండి: నీరు ఎక్కడి నుంచి వస్తోంది, బోరా, కొళాయి లైనా, ట్యాంకరా, ట్యాంకు ఏ వేళకు నిండుతుంది, ఏ వేళకు ఖాళీ అవుతుంది. ప్రతి కుళాయినీ తిప్పి, లీటరు సీసా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. "నీరు సరిగా రావడం లేదు" అని రాస్తే ఎవరైనా కాదనగలరు, సెకన్ల లెక్క రాస్తే కాదనడం కష్టం.

వాసన విషయంలో పొరపడకండి. వాసన వస్తే కడగలేదనే అనుకుంటాము, కాని అన్నిసార్లూ అది నిజం కాదు. బేసిన్ కింద వంపు తిరిగిన ట్రాప్‌లో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి, సెప్టిక్ ట్యాంకులోని గాలిని పైకి రానీయకుండా అడ్డుకునేది ఆ నీరే. చాలాకాలం వాడని మరుగుదొడ్డిలో ఆ నీరు ఆరిపోయి, ఎంత ఫినాయిలు పోసినా వాసన పోదు. రెండు బకెట్ల నీళ్లు పోస్తే తగ్గిపోతుంది. అలా పోసినా తగ్గకపోతే గాలిగొట్టం విరిగి ఉండవచ్చు, లేదా ట్యాంకు నిండి ఉండవచ్చు. భవనం వెనక్కి వెళ్లి నేల తడిగా ఉందా, అక్కడ మాత్రమే గడ్డి ఏపుగా పెరిగిందా చూస్తే ట్యాంకు పొంగుతున్న సంగతి తెలిసిపోతుంది. అయితే ట్యాంకు మూత మాత్రం మీరు తెరవవద్దు, ఎవరిచేతా తెరిపించవద్దు. అందులోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది.

వేళ గురించి అడిగారు. అధికారుల తనిఖీ సాధారణంగా ఉదయం పదింటికి, అప్పుడే కడిగిన తరువాత జరుగుతుంది. మీరు మీ నడక వేళకు ఒకసారి, కుటుంబాలు పిల్లలతో వచ్చే సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో మరొకసారి చూడండి. పగటి తనిఖీలో దీపం సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. వీలైతే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు, కోట చుట్టుపక్కల జనం కిటకిటలాడే వేళ కూడా ఒకసారి చూడండి. మామూలు రోజున సరిపోయే ట్యాంకు ఆ రోజు ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది.

కాగితం బల్లమీద ఉండిపోవడానికి పెద్ద కారణం ఒకటుంది. మీరు అన్నీ కలిపి ఒకే అర్జీ రాస్తారు, అది ప్రజారోగ్య విభాగానికి వెళుతుంది. మోటారు, పైపులైను ఇంజినీరింగ్ విభాగం పని కనుక వారు దాన్ని అటు పంపుతారు. దీపం సంగతి చూసేవారు వేరే ఉంటారు. కాగితం విభాగాల మధ్య తిరుగుతూ ఉంటుంది తప్ప పని జరగదు. అందువల్ల ఒక్కో పార్కుకు ఒక కాగితం కాకుండా, ఒక్కో విభాగానికి ఒక కాగితం రాయండి: అన్ని పార్కుల్లోని నీటి లోపాలు ఒకదానిలో, శుభ్రత లోపాలు మరొకదానిలో, దీపాలు వేరొకదానిలో. వార్డు సచివాలయంలోని పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శికి, అమెనిటీస్ (వసతుల) కార్యదర్శికి నకళ్లు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.

మరొక మాట. మీ నివేదిక వల్ల మొదట ఇబ్బంది పడేది అక్కడ ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలే. చీపురు అరిగిపోయినా, బ్లీచింగ్ పొడి అందకపోయినా మెమో ఆమెకే వస్తుంది. తనిఖీకి ముందు ఆమెతో మాట్లాడండి, ఆమెకు ఏ సామాను ఎప్పుడు అందిందో కూడా రాయండి. నీరు ఏ వేళకు పోతుందో ఇంజినీరు కంటే ఆమెకే బాగా తెలుసు.

నాగావళి లెక్చరరు (శ్రీకాకుళం)

నీటి విషయం నేను చెబుతాను, రసాయన శాస్త్రం బోధించేవాడిని. టీడీఎస్ మీటరు మీద మీరు వేసిన ప్రశ్న చాలామందికి ఉన్నదే. ఉద్దానం కిడ్నీ వ్యాధుల వార్తలు విని విని మా జిల్లాలో నీటిపట్ల భయం పెరిగింది. ఆ భయంతో చాలామంది కొనేది టీడీఎస్ మీటరునే. అది నీటిలో కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు టీడీఎస్ అంగీకారయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. కనుక మీ 900 నీరు రుచికి కాస్త ఉప్పగా ఉండవచ్చునేమో కాని, ఆ ఒక్క కారణంతో తాగకూడనిది అని రాయలేము. 380 చూపిన నీటిలో మురుగు కలిసి ఉన్నా మీటరు ఆ సంగతి చెప్పదు. కామెర్లు, అతిసారం తెచ్చే సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నా మీటరు అంకె మారదు. 2024 అక్టోబరులో మీ జిల్లాలోని గుర్ల మండలంలో అతిసారం ప్రబలినప్పుడు అందరి అనుమానమూ తాగునీటి కలుషితం మీదికే వెళ్లిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

కుళాయి దగ్గర మీరు చేయగలిగిన, చేయవలసిన మొదటి పరీక్ష క్లోరిన్‌ది. కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలని అదే ప్రమాణం చెబుతోంది. క్లోరోస్కోపు (మిగులు క్లోరిన్ చూసే చిన్న పరికరం) పెట్టెలో ఇచ్చే ద్రావకాన్ని నీటిలో చెప్పినన్ని చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతుంది, దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. వేసిన వెంటనే చూడాలి. ఆలస్యం చేస్తే నీటిలో వేరే పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగునిచ్చి లెక్క ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్ష చేసిన నీటిని ఎవరూ తాగకుండా దూరంగా పారబోయండి. పార్కులో బోరు నీరు ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కించి కుళాయిలకు ఇస్తున్నట్లయితే, ఎవరైనా విడిగా కలిపితే తప్ప అందులో క్లోరిన్ ఉండదు. కొళాయి లైను నీరైనా ఎండలో ట్యాంకులో నిలిస్తే క్లోరిన్ తగ్గిపోతుంది. అందుకే ట్యాంకు నిండిన వెంటనే ఒకసారి, ఖాళీ కాబోయే ముందు ఒకసారి చూడమంటాను.

రెండో పరీక్ష హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసాది. గుర్తు ఉన్నంతవరకు నీరు నింపి మూతపెట్టి, ఇంట్లో ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీరు నల్లబడితే మలసంబంధమైన కాలుష్యం ఉండవచ్చని అర్థం. ఇది తుది తీర్పు కాదు, ప్రయోగశాలకు పంపవలసిన కుళాయిలు ఏవో ఎంచుకోవడానికి ఉపయోగపడే జల్లెడ మాత్రమే. ప్రయోగశాలలో 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కొలై (మలకాలుష్యాన్ని సూచించే సూక్ష్మజీవి) ఒక్కటి కూడా కనిపించకూడదు. దానికి నమూనాను వారిచ్చిన శుద్ధిచేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో పెట్టి, కొద్ది గంటల్లోనే అందజేయాలి. ఇంట్లో కడిగిన కూల్‌డ్రింకు సీసాలో తీసుకెళితే మీ సీసాను పరీక్షించినట్లే అవుతుంది.

ఇక్కడ ఒక కిటుకు చెబుతాను. పుస్తకం ప్రకారం నమూనా తీసే ముందు కుళాయి మూతిని మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీటిని వదలాలి. జనం మాత్రం కాల్చని కుళాయి నుంచే తాగుతారు కదా. అందుకని కాల్చకముందు ఒక సీసా, కాల్చిన తరువాత ఒక సీసా పట్టండి. రెండూ చెడితే లోపం ట్యాంకులోనో లైనులోనో ఉంది. మొదటిది మాత్రమే చెడితే లోపం కుళాయి మూతి దగ్గరే ఉంది. మా ఊళ్లో ఒక పార్కులో కుళాయికి ఎవరో వడపోతకని గుడ్డపేలిక కట్టారు. కట్టినప్పుడు అది తెల్లటి పంచె ముక్కే అయి ఉంటుంది. నేను చూసేనాటికి నల్లగా, చేతికి జారే జిగటతో, ముడి దగ్గర ఆకుపచ్చ నాచుతో ఉంది. పిల్లలు దాన్ని నోటితో పట్టుకునే తాగుతున్నారు. దాన్ని తీసేయడానికి ఏ అధికారి అనుమతీ అక్కరలేదు, ఒక కత్తెర చాలు. గొలుసుతో కట్టిన గ్లాసు విషయమూ అంతే.

మూడు లాంతర్ల దగ్గర

పై ఇద్దరు పెద్దలూ చెప్పినవి విలువైన సంగతులే, అయితే ఈ పట్టికను ఇలాగే వాడితే ఆడవారి వైపు అన్నీ బాగానే ఉన్నట్లు తేలుతుంది. నీరుంది, దీపముంది, కడిగారు, కాబట్టి బాగుంది అని రాసేస్తారు. లోపల గొళ్లెం లేదన్న సంగతి మగవారికి తెలిసే అవకాశమే లేదు. నేను వెళ్లే పార్కులో తలుపుకు గొళ్లెం ఉంది, అది దూరవలసిన కొక్కెం ఊడిపోయి, మరలు ఉన్నచోట రెండు రంధ్రాలు మిగిలాయి, వాటిలో ఎవరో కాగితపు ఉండలు కుక్కారు. లోపలికి వెళ్లినవారు ఒక చేత్తో తలుపు పట్టుకునే ఉండాలి. చేతిలో సంచి ఉంటే దాన్ని పెట్టడానికి గోడకు మేకు లేదు, నేలంతా తడి. ఈ మూడు చిన్న విషయాల వల్లే నడకకు వచ్చే ఆడవారు ఇంటి దగ్గర నీళ్లు తాగకుండా బయలుదేరుతారు. ఆ తరువాత పార్కులో కుళాయి ఎంత శుభ్రంగా ఉన్నా దాని దగ్గరికి వెళ్లరు. మీరు రెండూ కలిపి తనిఖీ చేయాలనుకోవడం ఇందువల్ల నాకు నచ్చింది.

కనుక ఆడవారి వైపు ఆడవారే చూడాలి. మూత ఉన్న చెత్తబుట్ట లోపలే ఉందా, దాన్ని ఎవరు, ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు? ప్రవేశం మగవారి మూత్రశాల ముందు నుంచేనా? వెంటిలేటరు బయటి చప్టా మీద నిలబడితే అందే ఎత్తులో ఉందా? దారిలో దీపం ఉందా, లేక భవనం మీద మాత్రమే ఉందా? కాపలా మగమనిషిదైతే తాళంచెవి అడగడానికి ఆడపిల్లలు జంకుతారు, కనుక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయండి. మా అత్తగారు చేతికర్ర పట్టుకుని నడుస్తారు. ఆమెకు గోడకు పట్టుకమ్మీ లేని చోట కూర్చుని లేవడం అసాధ్యం. చక్రాల కుర్చీ వెళ్లాలంటే తలుపు వెడల్పు కనీసం 900 మిల్లీమీటర్లు, ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా లేకుండా ఉండాలి. కొత్తగా కట్టిన చోట్ల కూడా ర్యాంపు వేసి, చివర తలుపు దగ్గర ఒక మెట్టు వదిలేస్తున్నారు. టేపు పట్టుకెళ్లండి.

ఫొటోలు తీసేటప్పుడు లోపల ఎవరూ లేరని చూసుకుని, ముందుగా కాపలావారికి చెప్పండి. మగవారు ఆ వైపు ఫోను పట్టుకుని నిలబడితే మంచి ఉద్దేశమైనా గొడవ అవుతుంది.

ధర్మపురి రోడ్డు

ఇంత శ్రమ దేనికని నా అనుమానం. పరీక్షలు చేసి, పట్టికలు గీసి, అర్జీలు పెట్టి, చివరికి ఎన్నికల ముందు రంగులు వేస్తారు, అంతే. ఆ డబ్బుతో మీరే పార్కు గేటు దగ్గర ఏడాదంతా ఒక చలివేంద్రం నడపవచ్చు కదా?

అయ్యకోనేరు గట్టు

చలివేంద్రం నడిపేందుకు మాకూ అభ్యంతరం లేదు, కాని మరుగుదొడ్డిని చలివేంద్రంలాగా చందాలతో నడపలేము కదండీ. పై ముగ్గురికీ కృతజ్ఞతలు. గుడ్డపేలిక సంగతి చదివి నిన్న ఒక పార్కులో చూస్తే అక్కడా ఒకటి కనబడింది, తీసేశాము. మరొక సందేహం: ఒక పార్కులో దాతలు ఇచ్చిన ఆర్వో కూలరు ఉంది. అక్కడ క్లోరిన్ పరీక్ష చేస్తే రంగే రాలేదు. దాన్ని లోపంగా రాయాలా? అనుమతి విషయం కూడా ఎవరైనా స్పష్టంగా చెప్పగలరా?

కంటోన్మెంటు కాగితాలు

అనుమతి గురించి నేను చెబుతాను. అందరికీ తెరిచి ఉంచిన మరుగుదొడ్డిని వాడుతూ చూడడానికి, కుళాయి నీటిని సీసాలో పట్టుకోవడానికి అనుమతి అక్కరలేదు. ట్యాంకు ఎక్కడానికి, మోటారు గది తెరవడానికి మాత్రం సంబంధిత సిబ్బంది ఉండి తీరాలి. వారు కుదరదంటే మీకు సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. దీన్ని కాగితాల నకళ్లు అడగడానికే అందరూ వాడుతారు, కాని సెక్షన్ 2(జె) ప్రకారం పనులను స్వయంగా తనిఖీ చేయడం, సామగ్రి నమూనాలను ధ్రువీకరించి తీసుకోవడం కూడా సమాచార హక్కులో భాగమే. దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి.

అడిగేటప్పుడు "పార్కుల్లో మరుగుదొడ్లు ఎందుకు బాగా లేవు" అని అడగవద్దు. అది అభిప్రాయం అడిగినట్లవుతుంది, జవాబు రాదు. ఫలానా పార్కులోని నీటి ట్యాంకును గత ఏడాదిలో కడిగిన తేదీలు, ఆ కుళాయి నీటికి చేయించిన పరీక్షల నివేదికలు, మరుగుదొడ్డి నిర్వహణ ఒప్పందం నకలు, అందులో రోజుకు ఎన్నిసార్లు కడగాలని ఉందో ఆ షరతు, హాజరు పట్టీ అని విడివిడిగా అడగండి. ఒప్పందంలో రోజుకు రెండుసార్లని ఉండి, మీ పట్టికలో ఒక్కసారే జరుగుతున్నట్లు తేలితే, ఇక వాదన అక్కరలేదు, నిర్వహణ ఒప్పందదారు బిల్లు చెల్లింపు దగ్గరే ఆగుతుంది. పట్టణం ఓడీఎఫ్ (బహిరంగ మలవిసర్జన లేని) ప్లస్ హోదా పొందాలంటే ప్రజా మరుగుదొడ్లన్నీ పనిచేస్తూ, నిర్వహణలో ఉండాలన్నది స్వచ్ఛ భారత్ నిబంధన. ఆ హోదా కోసం ఏ ఏ మరుగుదొడ్లను జాబితాలో చూపారో కూడా అడిగి, ఆ జాబితా పట్టుకుని తిరగండి. గూగుల్ మ్యాప్‌లో ఎస్‌బీఎం (స్వచ్ఛ భారత్ మిషన్) టాయిలెట్ పేరుతో కొన్ని కనిపిస్తాయి, అవి చెప్పినచోట ఉన్నాయా, చూపిన వేళల్లో తెరిచి ఉన్నాయా అన్నది మీ డిగ్రీ విద్యార్థికి అప్పగించవచ్చు. అర్జీలకు కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో ఇచ్చి, నమోదు సంఖ్య తీసుకోండి.

ధర్మపురి రోడ్డు గారికి ఒక మాట. రంగులు వేస్తారన్నది నిజమే. వేసేముందు కొక్కెం బిగించమని రాసి ఇచ్చిన కాగితం ఫైల్లో ఉంటే, రంగుతో పాటు కొక్కెం కూడా ఆ అంచనాలో చేరే అవకాశం ఉంటుంది.

నాగావళి లెక్చరరు (శ్రీకాకుళం)

ఆర్వో కూలరు దగ్గర రంగు రాకపోవడం లోపం కాదు. అందులోని బొగ్గు ఫిల్టరు క్లోరిన్‌ను పీల్చేసుకుంటుంది, కాబట్టి సున్నా రావడమే సహజం. చిక్కు ఆ తరువాతే మొదలవుతుంది: క్లోరిన్ లేని నీరు కూలరు లోపలి తొట్టిలో నిలుస్తుంది, అక్కడ సూక్ష్మజీవులు చేరితే అడ్డుకునేది ఏదీ ఉండదు. దాత పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఫిల్టరు మార్చిన తేదీ ఎక్కడా ఉండదు. కనుక కూలరు దగ్గర క్లోరిన్ గడిని కొట్టివేసి, దాని బదులు హెచ్2ఎస్ సీసా పెట్టండి. ఫిల్టరు ఎప్పుడు మార్చారు, తొట్టి ఎప్పుడు కడిగారు, ఆ ఖర్చు ఇప్పుడు ఎవరు భరిస్తున్నారు అన్నవి రాయండి. ఫిల్టరులోకి వెళ్లే లైనుకు వేరే కుళాయి ఉంటే క్లోరిన్‌ను అక్కడ చూడండి. కూలరు కింది నుంచి పారే నీరు ఎటు పోతోందో కూడా గమనించండి. అది చప్టా పక్కనే నిలిస్తే దోమలకు అనువుగా ఉంటుంది. సీసాలు కావాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో అడగండి, నామమాత్రపు రుసుముకు నమూనాలు కూడా పరీక్షిస్తారు. సీసా మీద పార్కు పేరు, కుళాయి గుర్తు, పట్టిన వేళ మూడూ రాయడం మరవకండి.